తూర్పు పక్క గదిలోకి ఎవరు?

పిడుగురాళ్ల దగ్గర మా ఊరు,
బుధవారం.

బ్రాడీపేటలో ఉన్న వియ్యంకులు నాగేంద్రబాబు బావగారికి,

బుల్లయ్య నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం. అక్కడ మీరూ, మీ మోకాళ్ళూ బాగున్నారని తలుస్తాను.

మనం ఫోన్లో మాట్లాడుకుంటే ఇద్దరి గొంతులూ లేచి, ఎవరో ఒకరు ఠక్కున పెట్టేస్తున్నాం కదా. ఇకమీదట ఏదున్నా ఉత్తరం రాసుకోమని మీ అమ్మాయి, అంటే మా కోడలు శ్రీరమ్య, తీర్పు చెప్పింది. ఉత్తరంలో ఎంత అరిచినా పక్కింటికి వినపడదట. సరే అన్నాను.

విషయం ఏమిటంటే, మా ఇంటికి తూర్పు పక్క మిరప బస్తాలు వేసుకునే రేకుల షెడ్డు ఉంది చూశారా, అది పీకేసి గది కట్టాలనుకుంటున్నాం. మా అబ్బాయి రామాంజనేయులు తన ఎరువుల కొట్టుకు వచ్చే ఎవరో ఇంజనీరు చేత ప్లాను గీయిస్తానన్నాడు. "ఒరేయ్, జీవితమంతా ఆఫీసులో ప్లాన్లు గీసిన మామగారిని పెట్టుకుని ఎవడి చేతో గీయిస్తావా?" అని కసిరాను. కాబట్టి మీరే గీయాలి.

గది ఇవాళ్టికి సరిపోవాలి, రేపటికీ సరిపోవాలి. ఎందుకంటే మా ఇంట్లో ఒక మనిషి పెరగబోతున్నారు. ఎవరని మాత్రం నన్ను అడక్కండి. రమ్యనీ అడక్కండి. నోరు విప్పనని మాటిచ్చాను.

ఉంటాను,
మీ బుల్లయ్య

తా.క. మీ అమ్మాయి ఆరోగ్యానికి ఏ లోటూ లేదు. ఈమధ్య మామిడికాయ ముక్కల మీద మనసు పడి, పాఠాలు చెప్పే బడికి కూడా డబ్బాలో పెట్టుకుని వెళుతోంది.

*

బ్రాడీపేట, గుంటూరు,
శనివారం.

పూజ్యులైన బావగారికి,

కళ్ళు తుడుచుకుంటూ నాగేంద్రబాబు రాస్తున్నది. అక్షరాలు వంకరగా ఉంటే మన్నించండి.

మీ ఉత్తరం చదివి కుర్చీలో కూలబడ్డాను. ఒక మనిషి పెరగబోతున్నారా! పైగా మామిడికాయా! ఎంత నేర్పుగా చెప్పారండీ! మీరు మాటిచ్చారు గనుక రమ్యకి ఫోన్ చేయలేదు. మిగతా అందరికీ చేశాను. మా ఇంటి కింద కోచింగ్ సెంటర్లో పిల్లలందరికీ స్వీట్లు పంచాను. రమ్య చేత మెట్లు ఎక్కించవద్దని వాళ్ళ హెడ్మాస్టరుగారికి ఒక ముక్క రాసి, దానితోపాటు స్వీటు డబ్బా కూడా పంపాను.

ప్లాను జతపరిచాను. గోడల మూలలు గుండ్రంగా పెట్టాను, తల తగిలినా దెబ్బ ఉండదు. కిటికీ ఊచల మధ్య బుల్లి తల దూరదు. శ్లాబులో ఉయ్యాల కొక్కెం ఉంది. కింద గోడకి టైల్సు, రంగులు పూసినా తుడిస్తే పోతుంది. రేపటి సంగతి కూడా చూశాను. ఇవాళ ఉయ్యాల ఉన్నచోట రేపు చదువుకునే బల్ల పడుతుంది. రెండోవాడు వస్తే మధ్యలో గోడ లేపుకోవచ్చు.

చెల్లెమ్మగారికి నమస్కారాలు.

సంతోషంతో నిద్ర పట్టని,
నాగేంద్రబాబు

తా.క. పేరు 'నా'తో మొదలైతే బాగుంటుందని నా చిన్న కోరిక. బలవంతం ఏమీ లేదు. ప్లాను మీద మాత్రం ఆ అక్షరం రాసేశాను.

*

మా ఊరు,
గురువారం.

బావగారికి,

నమస్కారం పెట్టే ఓపిక కూడా లేదు, పెట్టాననుకోండి.

కొంప ముంచారు కదండీ! మీ స్వీటు డబ్బా అందగానే హెడ్మాస్టరుగారు ప్రార్థన దగ్గర అందరి ముందూ చెప్పేశారట. పిల్లలు చప్పట్లు కొట్టారట. రమ్య ఇంటికొచ్చి, ఆ డబ్బా నా ముందు పెట్టి, "మామయ్యా, మీరు ఎవరికి ఏం రాశారు?" అంది. ఇంతలో మావాడు కొట్టు తెరిచే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. పురుగుమందు కొనడానికి వచ్చిన ఎవరో శుభాకాంక్షలు చెప్పారట. "ఊరందరికీ తెలిసింది, నాకు చెప్పరా?" అని వాడి ఏడుపు. లేదురా బాబూ, ఏమీ లేదు అని నమ్మించేసరికి మా ఆవిడ శివపార్వతి గొంతు పోయింది.

మామిడికాయలు ఈ రోజుల్లో ఎవరు తినరండీ? రమ్య కంటే నేనే ఎక్కువ తింటున్నాను. మీ లెక్కన నాకు ఈపాటికి నెలలు నిండాలి.

బావగారూ, జాగ్రత్తగా చదవండి. రాబోయేది పసిబిడ్డ కాదు. పెద్దమనిషి. మగమనిషి. ఒంటరివాడు. మోకాళ్ళు నొప్పి, కానీ ఒప్పుకోడు. జ్వరం వచ్చినా చెప్పడు. మహా మొండి. కాబట్టి గుమ్మానికి గడప వద్దు, కాలు తట్టుకుంటాడు. బాత్రూము గదిలోనే ఉండాలి, పట్టుకుని లేవడానికి గోడకి కడ్డీ ఉండాలి. రేపు చక్రాల కుర్చీ వచ్చినా తలుపు పట్టాలి. అది రాకూడదనే మా కోరిక, అయినా పట్టాలి.

ఇంతకు మించి చెప్పలేను.

ఉంటాను,
బుల్లయ్య

తా.క. ఉయ్యాల కొక్కెం మాత్రం ఉంచమంటోంది మా ఆవిడ. ఉల్లిపాయల బుట్ట తగిలిస్తుందట.

*

బ్రాడీపేట,
ఆదివారం.

బావగారికి,

మీ ఉత్తరం చదివాను. తాతని కావడం లేదన్న బాధ ఒకటి. అంతకంటే పెద్ద దెబ్బ రెండోది.

ఒంటరివాడు, మొండివాడు, మోకాళ్ళ నొప్పి. ఎవరో నాకు తెలియదనుకున్నారా? మీ బావమరిది జయరావు! మన పిల్లల పెళ్ళిలో ఒక్కడే తిరుగుతూ, వంకాయ కూరలో ఉప్పు ఎక్కువైందని మైకులో చెప్పించిన మహానుభావుడు! ఆయనకి నా కూతురు కంచం పెట్టాలా? మీకు మనసెలా ఒప్పింది?

బావగారూ, అయినవాళ్ళ ఇంట్లో చేరే ముసలాళ్ళ సంగతి మీకు తెలియదు. మొదటి వారం చుట్టం. రెండో వారం సలహాదారు. ఆ తర్వాత జడ్జీ. కూరల మీద తీర్పులు, కరెంటు బిల్లు మీద తీర్పులు. ఆత్మగౌరవం ఉన్న మనిషెవడైనా నాలాగా తన కొంపలో తాను, తన గిన్నె తాను కడుక్కుని ఉంటాడు.

అయినా అడిగారు గనుక గీశాను. మీరు చెప్పిన కడ్డీలూ, వెడల్పు తలుపూ ఉన్నాయి. అయితే తలుపు వీధిలోకి తెరుచుకుంటుంది, ఇంట్లోకి దారి లేదు. వంటింటి వైపు కిటికీ లేదు, వాసన చూసి వంక పెట్టకుండా. లైటు స్విచ్చి బయట పెట్టాను, మీకు నిద్రొచ్చినప్పుడు ఆయన పడుకుంటాడు. అలమరా పెట్టలేదు. సామాను పెట్టుకునే చోటిస్తే ఇక కదలరు.

బాధతో,
నాగేంద్రబాబు

తా.క. ఆ మనిషికి గురక ఉంటుంది, మొహం చూస్తేనే తెలుస్తుంది. ఇంటి వైపు గోడ రెండింతలు మందంగా గీశాను.

*

మా ఊరు,
గురువారం.

బావగారూ,

ఇలాంటి రోజు పగవాడికి కూడా రాకూడదు.

మీ ఉత్తరం వచ్చేసరికి నా కళ్ళజోడు కనపడలేదు. అరుగు మీద జయరావు కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. మిరపకాయలు ఎండాయో లేదో కల్లంలో చూసిపోదామని వచ్చాడు పాపం. "బావా, నేను చదువుతాను ఇటివ్వు" అన్నాడు. ఇచ్చాను.

మొత్తం చదివాడండీ. గట్టిగా, ఎక్కడా ఆగకుండా, గురకతో సహా చదివాడు. ఉప్పు సంగతి దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగి, "ఎక్కువైన మాట నిజమే" అన్నాడు. చదవడం అయ్యాక మడిచి నా చేతిలో పెట్టి, మిగిలిన మజ్జిగ అలాగే వదిలేసి వెళ్ళిపోయాడు. "మా అన్న మజ్జిగ వదిలేశాడంటే ఇక ఈ గడప తొక్కడు" అని మా ఆవిడ ఒకటే గొడవ. ఆయనకి పెళ్ళాం, ముగ్గురు కోడళ్ళు, రెండంతస్తుల ఇల్లు ఉన్నాయి. మా రేకుల షెడ్డు ఆయనకెందుకండీ?

ఇక దాచి లాభం లేదు. ఆ గది మీకు. మీరు వర్ణించిన ఆ ముసలాయన మీరే!

పోయినసారి మీకు జ్వరం వచ్చి తగ్గాక గానీ రమ్యకి తెలియలేదు. అదీ మీ వీధిలో క్లినిక్‌వాళ్ళు ఎవరో చెబితే. ఆరోజు అది ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని ఏడ్చింది. "అమ్మ పోయాక మా నాన్నకి ఎవరున్నారు అత్తయ్యా? ఒక్క కంచం, ఒక్క గ్లాసు. రమ్మంటే రాడు" అంది. అందుకే మీ చేతే మీ గదిని మీకు నచ్చినట్టు గీయించి, కట్టాక చెబుదామనుకున్నాం. మీరేమో మీకు అలమరా కూడా లేకుండా చేసుకున్నారు.

కూతురింట్లో తింటే పరువు తక్కువని మీరు అంటారని తెలుసు. దానికి మా శివపార్వతి మాట ఇది: "కొడుకింట్లో తింటే పెరిగే పరువు కూతురింట్లో తింటే ఎలా తగ్గుద్దంట? అన్నయ్యగారిని వచ్చి చెప్పమను."

బావగారూ, రండి. మనం ఫోన్లో పోట్లాడుకునేదేదో ఎదురుగా కూర్చుని పోట్లాడుకుందాం.

మీ రాక కోసం చూస్తూ,
బుల్లయ్య

తా.క. స్విచ్చి లోపలే పెట్టిస్తాను.

*

బ్రాడీపేట,
శనివారం.

దేవుడిలాంటి బావగారికి,

మళ్ళీ అక్షరాలు వంకరపోతున్నాయి. ఈసారి సంతోషంతో కాదు, సిగ్గుతో. జయరావుగారి ఇంటికి వెళ్ళి నేనే క్షమాపణ అడుగుతాను. కానీ దానికంటే ముందు మీకు చెప్పాల్సింది ఒకటుంది. కూర్చుని చదవండి. కళ్ళజోడు మీదే పెట్టుకోండి.

నేను ఒంటరివాణ్ణి కాదు. నాకు పెళ్ళయింది.

ఆవిడ పేరు ఫెబా. మా వీధి క్లినిక్‌లో నర్సు. తమ్ముళ్ళని చదివించి, పెళ్ళిళ్ళు చేసి, తన సంగతి మరిచిపోయిన మనిషి. నాకు జ్వరం వచ్చినప్పుడు తలుపు తట్టి గంజి పోసింది. తగ్గాక కూడా, మోకాలికి కసరత్తు చేస్తున్నానో లేదో చూడటానికి వచ్చేది. నేను చేయడం లేదని తిట్టేది. బావగారూ, నన్ను తిట్టే మనిషి లేక ఎంతకాలమైందో మీకు తెలియదు. వాళ్ళ చర్చి ఆచారమా, మన ఆచారమా అన్న గొడవ లేకుండా రిజిస్ట్రారు ఆఫీసులో నోటీసిచ్చి, గడువు తీరాక సంతకాలు చేశాం. అది మీ మొదటి ఉత్తరం రావడానికి కొద్దిరోజుల ముందు.

అందులో "ఒక మనిషి పెరగబోతున్నారు, ఎవరని అడక్కండి" అని చూడగానే మీకు ఫెబా సంగతి అంతా తెలిసిపోయిందనుకున్నాను. చివర్లో మామిడికాయ కనబడగానే దాన్ని పట్టుకుని ఒడ్డున పడ్డాను. అందుకే అంత సంబరం చేశాను.

వాళ్ళమ్మ ఫోటోకి రోజూ దండ మారుస్తూనే ఉన్నాను. ఆ మాట రమ్య నమ్ముతుందా? "అమ్మని మరిచిపోయావా నాన్నా" అంటే ఏం చెప్పను? ఆ భయంతోనే ఇన్నాళ్ళూ దాచాను. ఇప్పుడు మీరు గది కడుతున్నారని తెలిశాక ఇక దాచితే మనిషిని కాను.

వచ్చే ఆదివారం ఇద్దరం బయలుదేరి వస్తున్నాం. అప్పటిదాకా రమ్యకి మీరేమీ చెప్పకండి. తండ్రిని నేను, నా నోటితో నేనే చెప్పుకోవాలి. వెళ్ళిపొమ్మంటే వెనక్కి తిరిగి బస్సెక్కుతాం.

మీ మన్నన కోరే,
నాగేంద్రబాబు

తా.క. అన్నయ్యగారికి, ఫెబా నమస్కారాలు. ఈయన రాసింది చదివి, కవరు అంటించేది నేనే గనుక ఈ నాలుగు మాటలు కలుపుతున్నాను. నిన్న సాయంత్రం రమ్యకి నేనే ఫోన్ చేసి చెప్పేశాను. ముందు ఏడ్చింది. ఆ తర్వాత "మా నాన్న బీపీ మాత్ర వేసుకుంటున్నాడా ఆంటీ?" అని అడిగింది. దగ్గరుండి మింగిస్తున్నానన్నాను. "అయితే ఆదివారం తీసుకురండి. మీకు కారం పడుద్దా?" అంది. గది సంగతి మేము వచ్చి, చోటు చూశాక మాట్లాడుకుందామన్నాను. ఇవేవీ ఈయనకి చెప్పలేదు. జ్వరాన్నీ, పెళ్ళినీ కూతురి దగ్గర దాచిన మనిషిని ఒక్క వారం వణకనివ్వండి.