ఈదమ్మ అవ్వ చెప్పులు

అమ్మా, నేను బాగున్నాను. ఫోనులో చెబితే ఏడుస్తానని కార్డు రాస్తున్నాను.

పోయిన వారం సండేస్కూలు పిల్లలకు ఈస్టర్ పాఠం చెప్పాను. "సమాధికి ఇక మనల్ని పట్టి ఉంచే బలం లేదు, పోయినవాళ్లందరూ లేస్తారు" అన్నాను. ఆ మాటలు అంత బాగా కుదిరినందుకు హాస్టలుకు వచ్చేదాకా మురిసిపోయాను.

నిన్న ఈస్టర్. తెల్లవారకముందే అందరం కొవ్వొత్తులు, పూలు పట్టుకుని అత్వెల్లి సమాధుల తోటకు వెళ్లాం. నా క్లాసులోని చిన్నపిల్ల వర్ష, చలికాలంలో చనిపోయిన వాళ్ల అవ్వ ఈదమ్మ చెప్పులు తెచ్చి సమాధి పక్కన పెట్టింది.

"గివెందుకే?" అన్నాడు వాళ్ల నాయిన ఎల్లేష్.

"అవ్వ లేస్తది గద. ఉత్తకాళ్లతోని నడుస్తే ముండ్లు గుచ్చుకుంటయ్."

"ఎవలు జెప్పిన్రు?"

"గీ అక్కనే జెప్పింది."

కొవ్వొత్తి మైనం వేళ్ల మీద కారుతున్నా నాకు తెలియలేదు. ఎల్లేషన్న నా వైపు చూడలేదు. ఆరాధన అయ్యాక "నడువు బిడ్డా, జల్దీ" అని వర్ష చెయ్యి పట్టుకున్నాడు.

"చెప్పులు ఈడనే ఉండనీ నాయినా. ఇయ్యాల గాకుంటె రేపు లేస్తది" అంది వర్ష.

వచ్చే ఆదివారం ఆ పిల్ల నా ముందు కూర్చుంటుంది. నానమ్మ పోయినప్పుడు నువ్వు నాకేం చెప్పావో, కార్డు అందగానే ఫోను చేసి చెప్పు. నాయిన దగ్గు తగ్గిందా? కారప్పొడి అయిపోయింది, ఎవరైనా ఇటు వస్తే పంపు.

ఈ ఉదయం కాలేజీకి పోతూ ఆగి చూశాను. చెప్పులు అక్కడే ఉన్నాయి. పక్కన, కాళ్లు కడుక్కోవడానికి చెంబెడు నీళ్లు కూడా చేరాయి.

ప్రార్థనలో వర్షను తలచుకో. అందరికీ వందనాలు.

నీ కృపలత