నేస్తం కట్టిన ఇల్లు

డిసెంబర్ 19, ఎస్.కోట

ఫల్గుణ నాకు ఒక మాట ఇచ్చాడు. మా నాన్నతో నేను మాట్లాడతాను, మా చెల్లి సరళను నీకిప్పించే పూచీ నాది, అన్నాడు. 1978 డిసెంబర్. పెదబయలు దాటాక కొండ మీద ఆశ్రమ పాఠశాల. నేను అక్కడ టీచర్ని. అతను ఆ ఊరివాడే, మా బడిలో వార్డెన్. వరండా ముందు నెగడు దగ్గర చలి కాగుతూ చెప్పిన మాట. నెల తిరక్కుండా తప్పాడు. తప్పి, మిలటరీలో చేరి అస్సాం పోయాడు.

ఇవాళ పొద్దున ఫోన్ చేశాడు.

నంబర్ పెన్షనర్ల వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో ఇచ్చారట. గుడ్‌మార్నింగ్ మెసేజ్‌లు పెట్టేవాళ్లతో పోట్లాడటానికి తప్ప నేను ఆ గ్రూప్‌లో ఉండి సాధించిందేమీ లేదు. ఇప్పుడు ఇది.

అతని తెలుగు తుప్పు పట్టింది. మధ్యలో అచ్ఛా, అచ్ఛా అంటున్నాడు. భార్య పోయిందట. తేజ్‌పూర్‌లో ఇల్లు కూతురికి అప్పజెప్పి సొంత ఊరికి వచ్చేశాడట. జనవరి మొదట్లో కందికొత్త, రా నేస్తం, అన్నాడు.

ఫోన్ పెట్టేశాను.

డిసెంబర్ 20

నేస్తం అంటే మైదానంలో ఉత్త స్నేహితుడు. కొండ మీద అది కట్టుకునే చుట్టరికం. ఊరందరి ముందూ ఒకరి చేతికి ఒకరు దారం కడతారు. ఒకే దొన్నెలో జీలుగు కల్లు తాగుతారు. తువ్వాళ్లు మార్చుకుంటారు. ఆ క్షణం నుంచి ఒకర్నొకరు పేరు పెట్టి పిలవకూడదు. చావుకీ పెళ్లికీ ఎంత దూరాన ఉన్నా రావాలి. అతని తల్లి నీ తల్లి. అతని చెల్లెలు నీ చెల్లెలు.

ఈ చివరి సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ ఏడు కందికొత్త నాడు, కొత్త కందులు వండుకు తినే పండుగ పూట, ఫల్గుణ నాకు నేస్తం కట్టాడు. పెళ్లికి ముందు జరిగే తతంగం కాబోలనుకున్నాను. రెండు దొన్నెలు ఎక్కువే తాగాను. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వాళ్లింటికి వెళ్లి, సరళతో పెళ్లికి ముహూర్తం ఎప్పుడు పెట్టుకుందామని వాళ్ల నాన్నను అడిగాను. ఆయన నోట్లోంచి చుట్ట జారిపడింది. లోపల ఆడవాళ్లెవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. నేస్తం కట్టిన ఇంట్లో పిల్లనడిగిన మనిషిని ఆ కొండ అంతకుముందు చూసి ఉండదు.

ఎందుకు చేశావురా అని ఫల్గుణను చొక్కా పట్టుకుని అడిగాను. తల వంచుకు నిలబడ్డాడు. వారంలో మిలటరీ సెలెక్షన్‌కి పోయాడు. నేను ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని దిగిపోయాను.

ఆ తర్వాత ఆంత్రపాలజీ పుస్తకాలు దొరికినన్ని చదివాను. ఒక దొరగారి పుస్తకంలో ఈ ఆచారం పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. నా జీవితం ఒక ఫుట్‌నోట్.

డిసెంబర్ 24

వెళ్లను.

డిసెంబర్ 27

వెళ్తాను.

అప్పటి మా బడి హెడ్‌మాస్టర్ యేసురత్నం పోయాడు. తర్వాత నేను రాసిన ఆంత్రపాలజీ థీసిస్‌ని మూడేళ్లు బల్ల సొరుగులో ఊరబెట్టిన ప్రొఫెసర్ పోయాడు. ఆయన సంతాపసభలో మంచి మాటలు చెప్పమని నన్నే పిలిచారు. నిజాలు చెప్పాను. మైకు లాక్కున్నారు. నేను నిలదీయాల్సినవాళ్లంతా జవాబు చెప్పకుండానే వెళ్లిపోతున్నారు. ఫల్గుణ ఒక్కడు మిగిలాడు.

నేను పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లందరికీ ఫల్గుణ పేరే చెప్తూ వచ్చాను. మా అమ్మకి కూడా.

సాయంత్రం ఫోన్ చేసి చెప్పాను. ఎందుకు మాట తప్పావో నీ నోటితో చెప్పు. చెబితేనే నీ ఇంట కందికొత్త తింటాను. లేకపోతే తినకుండా దిగిపోతాను. చాలాసేపు దగ్గాడు. స్వెటర్ తెచ్చుకో, సలి గట్టిగుంది, అన్నాడు.

జనవరి 2, రైల్లో

ఎస్.కోటలో మా మేడ మీద నిలబడితే ఈ కొండలు కనిపిస్తాయి. ఇన్నేళ్లూ చూశాను గానీ ఎక్కలేదు. టన్నెల్ వచ్చినప్పుడల్లా కుర్రకారు ఒకటే ఈలలు. చీకటిని చూసి ఇంత సంబరపడే జాతిని ఎక్కడా చదవలేదు. వెనక అద్దాల బోగీలో వాళ్లు కొండల్ని చూడటం మానేసి ఫోన్లో తమ ముఖాలు చూసుకుంటున్నారు. బొర్రా దగ్గర సగం మంది దిగారు. ప్రాణం కుదుటపడింది.

అడగవలసిన వాక్యం మనసులో దిద్దుకుంటున్నాను. చిన్నదిగా ఉండాలి.

జనవరి 2, సాయంత్రం

వాక్యం అరకు ప్లాట్‌ఫాం మీదే పోయింది.

మంకీ క్యాప్, ఆకుపచ్చ మిలటరీ స్వెటర్, చేతికర్ర. గుర్తుపట్టలేదు. అతనే నన్ను గుర్తుపట్టాడు. ఏటి నేస్తం, ఇంత సన్నగైపోనావు, అంటూ బ్యాగ్ లాక్కోబోయాడు. ఫల్గుణా, నా బ్యాగ్ నేను మోసుకోగలను, అన్నాను. కావాలనే పేరు పెట్టి పిలిచాను. జీపు డ్రైవర్ బుజ్జిబాబు నాలిక కరుచుకున్నాడు. అయ్యబాబోయ్, నేస్తాన్ని పేరెట్టి పిలిసీసినారేటి మాస్టారూ, మీకు కోడి తగిలిపోయింది, ఊరికి కోసి పెట్టాల్సిందే, అన్నాడు. ఫల్గుణ నవ్వాడు. ఆ నవ్వు మారలేదు. ఒళ్లు మండింది.

దారంతా సిల్వర్ ఓక్ చెట్లు, వాటి నీడన కాఫీ. ఎర్రగా పండింది. ఇళ్ల ముందు పట్టాల మీద గింజలు ఆరబోశారు. వాటిని తొక్కకుండా కోళ్లను తోలుతూ ముసలమ్మలు. అరకు చుట్టుపక్కల పొలాల్లో రంగురంగుల టెంట్లు, బొంగు చికెన్ పొగ, గుర్రాల మీద ఫోటోలు. హుకుంపేట దాటాక అవేవీ లేవు. మంచు, మనుషులు, మేకలు. పాడేరు ఇప్పుడు జిల్లా కేంద్రం. నేను జీతం కోసం నడిచొచ్చిన మట్టి వీధిలో ట్రాఫిక్ జామ్ చూశాను.

పెదబయలు దాటాక అడిగాను. నా దిద్దిన వాక్యం కాదు, వట్టి ఎందుకురా అని. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ, అది నా వొక్కడి మాట కాదు నేస్తం, సెప్పనని ఇంకొకళ్లకి మాటిచ్చీసినాను, అన్నాడు.

అయితే నేను తినను, అన్నాను.

బుజ్జిబాబు పాట ఆపేశాడు.

జనవరి 3

పొద్దున బకెట్‌లో నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయాయి. పక్కింటి అప్పలనర్సమ్మ వేన్నీళ్లు తెచ్చింది. మా వయసే. అప్పట్లో మా బడిలో వంట చేసేది. నన్ను చూసి, పంతులుబాబు నెత్తి పండిపోయింది గానీ మూతి మాత్రం అలాగే ముడుసుకునుంది, అంది.

ఆమె చెప్పకపోతే ఒక సంగతి నాకు తెలిసేది కాదు. ఇద్దరు నేస్తాల మధ్య మాట మిగిలిపోతే, అది తేలేదాకా వాళ్లు కందికొత్త తినకూడదట. ఫల్గుణ ఇంకో అడుగు ముందుకేశాడు. అస్సాంలో ఉన్నన్నాళ్లూ కందిపప్పే ముట్టలేదు. భార్య పెసరపప్పు, మసూరు పప్పు వండి పెట్టేదట. రేషన్‌లో వచ్చిన కందిపప్పు పక్క క్వార్టర్‌కి ఇచ్చేవాడట. ఊపిరితిత్తులు పాడయ్యాయని డాక్టర్ చెప్పగానే అతనికి తట్టింది ఒక్కటే. ఈ ఏడన్నా నేస్తంతో కూర్చుని కొత్త తినాలి.

నేను ఎస్.కోటలో రోజూ కందిపప్పు తిన్నాను. ఆదివారం ములక్కాడ వేసుకుని.

మధ్యాహ్నం ఇద్దరం అరుగు మీద ఎండలో కూర్చున్నాం. అప్పలనర్సమ్మ అటుగా పోతూ, ఇద్దరు ముసలోళ్లూ గుంటల్నాగ అలిగి కూకున్నారు, ఎల్లుండే కొత్త, బేగి తేల్సుకోండి, అంది. తేల్చుకోవాల్సింది నేను కాదు, ఫల్గుణ, అన్నాను. రెండో కోడి, అంది.

చెప్పనని ఒట్టు వేయించుకున్నది తండ్రి అయి ఉంటాడు. పోయిన తండ్రికిచ్చిన మాట ఇంకా మోస్తున్నాడన్నమాట. మూర్ఖుడు.

జనవరి 4

తండ్రి కాదు.

పదకొండు గంటలప్పుడు ఒకావిడ జీపు దిగింది. పాడేరులో నర్సుగా చేసి రిటైరైంది. కళ్లజోడు, శాలువా, చేతిలో టిఫిన్ క్యారేజీ. నేను లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలియదు. బావున్నావా మాస్టారన్నా, అంది సరళ. అన్నా అన్న మాట అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు.

అప్పలనర్సమ్మ ఫోన్ చేసి రప్పించిందట. ఫల్గుణ వద్దు వద్దని చెయ్యి ఊపుతున్నాడు. నువ్వు ఊరుకో అన్నియ్యా, పప్పు లేకుండా సచ్చిపోతావేటి, అని సరళ అతని మీద కసిరింది. తర్వాత నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. ఇంజెక్షన్ చేసే ముందు నర్సులు చూసినట్టు చూసింది. నేస్తం కట్టమన్నది నేనే, అంది.

ఆమె ఆగలేదు.

నర్సు ట్రైనింగ్‌కి సీటు వచ్చిందట అప్పుడు. మాస్టారు పిల్లనడుగుతున్నాడని అన్న చెప్పగానే గుండె జారిందట. అవతలి ఊళ్లో ఒక మాస్టారు ఒక గుంటను పెళ్లి చేసుకుని, ట్రాన్స్‌ఫర్ రాగానే మరి కొండెక్కలేదు. తను కాదంటే? గవర్నమెంటు మాస్టార్ని కాదన్న ఇల్లు అని హెడ్‌మాస్టర్‌కీ ఆఫీసుకీ నాన్న జవాబు చెప్పుకోవాలి. కాదనకుండా కాదనాలి. నేస్తం కట్టేస్తే నువ్వు మా ఇంటోడివైపోతావు, ఎవురికీ అవమానం నేదు, నీకూ నేదు, అంది. అన్న ఒప్పుకోలేదట. ఏడ్చి ఒప్పించిందట. ఎప్పటికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది.

నన్నొకసారి అడిగి ఉంటే, అన్నాను.

నువ్వు నన్నడిగావా, అంది. మా అన్ననడిగావు. మా నాన్ననడగమన్నావు. రెండేళ్లు మా యింటికి వొచ్చావు, నాతో ఏటి మాటాడావు సెప్పు. టీ బాగుందన్నావు ఓసారి. పంచదార ఎక్కువైందన్నావు ఓసారి. అంతే కదన్నా.

అప్పలనర్సమ్మ పకపకా నవ్వింది. ఫల్గుణ కూడా నవ్వబోయి దగ్గులో పడ్డాడు. సరళ లేచి అతని వీపు రాస్తూ, ఊపిరి ఎలా తీసుకోవాలో చెప్పింది.

ఆ రోజుల్లో అడిగే పద్ధతి అదే. ఆడపిల్లను నేరుగా ఎవరడిగారు? ఈ మాట పైకి అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

కాదనే హక్కు ఆమెకుంది. అది నాకు తెలుసు. ఆడవాళ్ల హక్కుల మీద ఉపన్యాసాలిచ్చినవాణ్ని. నన్ను గుచ్చుతున్నది అది కాదు. ఏదో ఇంకా తెలియడం లేదు.

జనవరి 5, కందికొత్త

ఊరి దేవతకు మొదటి కుండ. తర్వాత ఇళ్లకు. విస్తరాకులో కొత్త బియ్యం అన్నం, కొత్త కందులు ఉడకబెట్టిన పులుసు. ఒకటే ఆకు, ఇద్దరికీ. నా కోళ్లు రెండూ ఊరికి వెళ్లాయి.

ఫల్గుణ ముద్ద కలిపి చేతిలో పట్టుకున్నాడు, నోట్లో పెట్టుకోకుండా. నా ముఖం చూస్తున్నాడు.

ఒక ముద్ద తిన్నాను. ఉప్పు తక్కువైంది నేస్తం, అన్నాను.

అతను తిన్నాడు. కళ్లు మూసుకుని, చంటిపిల్లాడు తిన్నట్టు, మూతికంతా పూసుకుని. ఇంకొంచెం వెయ్యమన్నాడు. మళ్లీ వెయ్యమన్నాడు.

జనవరి 6

బుజ్జిబాబు జీపులోనే దిగాను. పాడేరు దాకా సరళ కూడా. ఫల్గుణ మలుపు దాకా నడిచొచ్చి నిలబడ్డాడు. మంచులో స్వెటర్ కాసేపు ఆకుపచ్చగా కనబడింది. తర్వాత లేదు.

మొన్నటి నుంచి గుచ్చుతున్నదేమిటో పెదబయలు దగ్గర దొరికింది. సరళను అడిగాను. తర్వాతయినా ఎందుకు చెప్పలేదు? నీకు ఉద్యోగం వచ్చింది. పెళ్లయింది. నాన్న పోయాడు. ఇంక ఎవరికి భయం?

కళ్లజోడు తుడుచుకుంది. ఎస్.కోట ఆస్పత్రికి ట్రైనింగ్‌లకి వచ్చేదాన్నన్నా, అంది. మీ వీధి తెలుసు. రెండుసార్లు గుమ్మం దాకా వచ్చినాను. నువ్వు మా అన్నను తిడుతున్నావని అందరూ సెప్పీవారు. వాడు అంత దూరాన ఉన్నాడు, ఆడికి వినబడదు కదా అనుకున్నాను. నన్నయితే తిట్టట్లేదు కదా అనుకున్నాను.

అంత నిజం ఎవరూ నాతో చెప్పలేదు. మెచ్చుకోవాలనిపించింది. మెచ్చుకోలేదు.

పాడేరులో దిగుతూ కాఫీ పొడి ప్యాకెట్ సీటు మీద పెట్టింది. పంచదార నువ్వే చూసుకో అన్నా, అంది.

జనవరి 11, ఎస్.కోట

ఫల్గుణ రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తున్నాడు. చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. చలి, దగ్గు, ఈ పూట ఏం వండావు. అయినా అరగంట పడుతోంది. పెట్టేశాక ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది.

నా కోపం నన్ను కాదన్నందుకు కాదు. ఈ అరగంటలు ఇన్నేళ్లూ లేకుండా చేసినందుకు.

సరళ.