వేరు బొమ్మ ఉన్న పుస్తకం

జహీరాబాద్, 14-9-83

చిరంజీవి మదన్‌మోహన్‌కు అక్క దీవెనలు.

మనవడు ఇప్పుడు పాలు తాగుతున్నాడు, భయపడకు. పక్కింటి సంగమ్మ వాగు ఒడ్డున తవ్విన వేరు తెచ్చి వస అంటే, మాటలు బాగా వస్తాయని అరగదీసి వాడి నాలుకకు రాశాను. కాసేపటికే వాంతులు. "ఏం వేరమ్మా అది?" అని దవాఖానలో డాక్టరు అడిగితే వస అనే చెప్పాను. ఆకు కత్తిలా వసలాగే ఉంది. వసకుండే ఘాటు వాసనే లేదని తర్వాత తోచింది.

సంగమ్మ మాత్రం, "మీ పిలగానికి పడలేదంతే వదినా. ఐతారం నా మనుమరాలికి పోస్త" అంటోంది.

నిరుడు కోఠీలో నువ్వు చూపిన రెండు మొక్కల పుస్తకాల్లో రంగుల పూలది వద్దు, దీనికిప్పుడు పువ్వే లేదు. ఆకు, వేరు విడిగా గీసి చూపిన నల్ల బొమ్మల పుస్తకం కొను. సంగమ్మకు చదువు రాదు, బొమ్మ చూస్తేనే నమ్ముతుంది. శనివారంలోగా బస్సులో ఎవరిచేతనైనా పంపు. మరదలి నడుము నొప్పి తగ్గిందా?

మిగిలిన వేరును పూజకని అబద్ధమాడి తెచ్చి దేవుని గూట్లో పెట్టాను, స్వామి క్షమించాలి. అక్కడున్నదాన్ని తిరిగి అడగడానికి ఆమెకు నోరు రాదు. కానీ వాగు దూరం కాదు నాయనా.

స్వామి మీ ఇంటిల్లిపాదినీ చల్లగా చూడాలి.

అక్క భాగీరథి