రెండు వేళ్ల గిటార్

బుధవారం, రాత్రి

ఆదివారం మా నాచారం చర్చిలో పాడే పాటకు గిటార్ కావాలి. ఎప్పుడూ అన్నే వాయించేవాడు. చర్లపల్లి ఫ్యాక్టరీలో మెషిన్ కింద ఎడమచేయి పడినప్పటి నుంచి నడిమి రెండు వేళ్లు వంగడం లేదు. అందుకే గిటార్ శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోనే తయారుచేయమని పాస్టర్ గారు నాతో అన్నారు.

అన్న ఇంటికి వచ్చేలోగా ముగించాలనుకున్నాను, కుదరలేదు. కీబోర్డు మీద నాలుగైదు స్వరాలు ఒకేసారి నొక్కి, శబ్దాన్ని గరుకుగా చేసే డిస్టార్షన్ పెంచాను. రేకుల మీద వాన పడ్డట్టు గోల తప్ప పాట వినపడలేదు. అన్న వెనక నిలబడి ఎంతసేపటి నుంచి వింటున్నాడో.

"గన్ని స్వరాలెందుకు చెల్లె? డిస్టార్షన్ పెట్టినప్పుడు రెండే ఉంచాలె. అన్నీ కలిస్తే గిట్లనే గోలయితది," అన్నాడు.

రెండే ఉంచాను. శబ్దం బరువుగా, స్పష్టంగా వచ్చింది. అన్న తన చేతి వైపు చూసుకున్నాడు. చూపుడు వేలు, చిటికెన వేలు చాపి ముడిచాడు.

"రెండు స్వరాలకు రెండు వేళ్లు సాలు గదా. నా గిటార్ ఇటియ్యి."

బీరువా మీద నుంచి దించి, కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపాను. పల్లవి మొత్తం వాయించాడు. చరణంలో చిటికెన వేలు వణికి ఆగిపోయింది.

"మిగిలింది రేపు జేస్త," అని చేయి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆదివారం దాకా ఆ వేలు ఓర్చుకుంటుందో లేదో. నేను చేసిన ట్రాక్‌ను మ్యూట్ చేశాను. డిలీట్ మాత్రం చేయలేదు.