కొంగు చేసిన పని

మహబూబాబాద్,
గురువారం.

ఘనపూర్ వదినగారికి,

మన మనుమరాలు శ్రేయకు జ్వరం తగ్గింది, ఆక్సిజన్ తీసేశారు. ముందు ఇది చదివి కుదుటపడండి.

ఇక నాకు నచ్చని వార్త. తేరుకోగానే "అమ్మమ్మ కావాలె" అన్నది. మీ బిడ్డ మేఘన చంటివాణ్ని విడిచి రాలేక, నాలుగు రోజులు దవాఖానలో పక్కన కూర్చున్నది ఈ బాపమ్మ. అడిగింది మాత్రం మిమ్మల్ని! మీరేం మందు పెట్టారో గాని, ముప్పై ఏండ్లు బడిలో పాఠాలు చెప్పినా ఒక్క పిల్ల నన్నట్లా అడగలేదు.

ఇది అడినోవైరస్, కండ్లకలక తెచ్చే పురుగే పిల్లల ఊపిరితిత్తులకూ పాకుతుందన్నది డాక్టరమ్మ. "ఇంట్ల ఎవరికన్న కండ్లకలక వచ్చిందా?" అని అడిగితే నేను నోరు మెదపలేదు.

వచ్చింది వదినా, నాకే. చెప్తే పిల్లను మీ దగ్గరికి పంపుతారని నల్లద్దాలు పెట్టుకొని, ఎండ పడదన్నాను. పోయిన నెలంతా మీ ఒళ్లోనే ఉంది, ఈ నెల నాదని పంతం. కారే కండ్లు తుడుచుకున్న కొంగుతోనే దాని మూతి తుడిచాను.

పొద్దున మేఘనకు చెప్పేశాను. "ముందే చెప్తే ఏమాయె అత్తమ్మా!" అని ఏడ్చింది. తిడితే బాగుండేది.

వార్డులో ఒక్కరినే ఉండనిస్తారు. ఈ ఉత్తరం తెచ్చిన మీ అల్లుడి బండిలోనే వచ్చేయండి. నా కుర్చీ మీకిస్తాను. మిమ్మల్ని చూసి అది నవ్వుతుంది. చూసి ఓర్చుకునేంత మంచిదాన్ని కాదు గనుక, మీరు లోపలికి పోగానే నేను మెట్లు దిగుతాను.

మీ వియ్యపురాలు