ఆ మాట నీకు రాసింది కాదు

వదినా,

ఫోన్ ఎత్తట్లేదని కోపంగా ఉన్నావట, అన్నయ్య చెప్పాడు. ఎత్తితే ఏడ్చేస్తాను. ఆ ఏడుపు వింటే నువ్వు ఉన్నపళంగా బయల్దేరతావు. అందుకే ఉత్తరం.

మొన్న సాఫ్ట్‌వేర్ సభలో నా ప్రసంగం బ్రహ్మాండంగా ఉందని అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నువ్వే. కాకిపిల్ల కాకికి ముద్దు అనుకుంటూనే పొంగిపోయాను. తర్వాత విన్నవాళ్ళ అభిప్రాయాలు మెయిల్లో వచ్చాయి. పేర్లు రాయక్కర్లేదు కదా, ఎవరి నోటికీ అడ్డూ ఆపూ లేదు. "వెనకాల ఎవరైనా తరుముతున్నారా, అంత వేగం?" "వెనక వరసకి ఒక్క ముక్క వినపడలేదు." ఇవి ఎలాగో దిగమింగుకున్నాను. ఒకటి మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది. "తెర మీదున్నది చదువుకోవడానికి మాకూ కళ్ళున్నాయి. స్టేజీ దిగి వేరే పని చూసుకుంటే అందరికీ పుణ్యం."

నేను తెర చూసి చదివానా వదినా? నాకైతే గుర్తులేదు. భయంలో చదివేసే ఉంటాను. ప్రోగ్రామ్ వాడేవాళ్ళు తప్పు నొక్కితే వాళ్ళని కసరకుండా ఆ ప్రోగ్రామ్ ఎలా చెప్పాలన్నది కదా నేను మాట్లాడింది! చివరికి కసుర్లు తిన్నది నేనే. ఇంకా పెద్ద సభలో మాట్లాడటానికి మా మేనేజర్ నా పేరు పంపారు. నా వల్ల కాదని వచ్చేవారం చెప్పేస్తాను. ఇక నా కీబోర్డు, నేను. అన్నయ్యకి మాత్రం చెప్పకు, ఏడిపిస్తాడు.

నీ ఆడపడుచు

* * *

పిచ్చితల్లీ,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడే చదివాను. ఆ ముల్లు దగ్గరికి వచ్చేసరికి పొయ్యి కట్టేసి మళ్ళీ మొదట్నుంచీ చదివాను. ఆ మాట రాసింది నేనే.

ఆగు, చింపకు. నీకు రాయలేదే! నీ తర్వాత డేటాబేస్‌ల గురించి చెప్పాడే, ఆయనకి రాశాను. అసలు ముందు మాట్లాడాల్సింది ఆయన. ఆయన ల్యాప్‌టాప్‌కీ ప్రొజెక్టర్‌కీ పొత్తు కుదరక నిన్ను ముందుకి తోశారు కదా. అభిప్రాయాలు రాసే క్యూఆర్ కోడ్ కాగితాలు మాత్రం పాత వరసలోనే తలుపుకి అంటించారు. వాటి మీద పేర్లుండవు, ఏ గంటలో ప్రసంగమో అదే ఉంటుంది. నీ గంటలో మాట్లాడింది ఆయన, తిట్లొచ్చింది నీకు. నిర్వాహకురాలికి ఫోన్ చేసి నిలదీశాను. "అయ్యో, మాట్లాడేవాళ్ళ వరస మార్చాం గానీ కంప్యూటర్లో మార్చడం మర్చిపోయామండీ," అంది. హాలు నిండా ప్రోగ్రామర్లే! ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.

నీకు రావాల్సినవి ఆయనకి పోయాయి. ఆవిడ చేత ఒకటి చదివించుకున్నాను. "మా అమ్మ ఫోన్‌లో తప్పు నొక్కినప్పుడల్లా తనకి బుర్ర లేదంటుంది. తప్పు అమ్మది కాదని ఇవాళ తెలిసింది." ఇది నీదే కదే!

సంతోషం చల్లారాక సిగ్గేసింది. నీకు తగిలిందంటే నా ప్రాణం విలవిల్లాడింది. ఆయనకైతే తగలాలనే రాశాను మరి. ఆయనకీ ఎక్కడో ఒక వదిన ఉండే ఉంటుంది. ఎవరివి వాళ్ళకి పంపేముందు నాది తీసేయమన్నాను. దాని బదులు, కింద నా పేరు పెట్టి, వేరేది రాశాను. "మీరు తెర చూసి చదివినప్పుడు నాకు సగం అందలేదు. ప్రశ్నలకి మావైపు తిరిగి జవాబు చెప్పారు, అదంతా అర్థమైంది. మొత్తం అలాగే చెప్పండి." మొదటిది కాఫీ వరసలో నిలబడి రాసిపారేశాను. ఇది రాయడానికి పూటంతా పట్టింది.

పెద్ద సభలో మాట్లాడతావో లేదో నీ ఇష్టం, నేను బలవంతపెట్టను. నీకే వద్దనిపిస్తే మానెయ్. నా నోటి దురుసుకి మాత్రం మానకు, తల్లీ.

నీ వదిన