మోగనివ్వని సైరన్

హైదరాబాద్,
సోమవారం

కురుమూర్తి అన్నకు,

ప్రేమతో అని మొదలుపెట్టడానికి చెయ్యి రావడం లేదు. ఫోన్‌లో తిడితే పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

దవాఖానలో అమ్మను చూడలేకపోయాను. తన కళ్లు వాచిపోయాయి, గొంతు పెగలడం లేదు. నువ్వు పనిచేసే, అమ్మ కూలికొచ్చే కోల్డ్ స్టోరేజీలో, చింతపండు బస్తాల మధ్య చల్లబరిచే పైపు నుంచి అమ్మోనియా గ్యాసు కారుతుంటే సైరన్ ఎందుకు మోగలేదు? దవాఖాన నుంచి నేరుగా గోపాల్‌పేట వచ్చి చూశాను. పైపు పక్కన నేను బిగించిన సెన్సర్‌కు అన్నం పొట్లాల సిల్వర్ కాగితం చుట్టి ఉంది!

నాలుగేళ్లు ల్యాబులో కూర్చుని చేశానన్నా దాన్ని. గోరంత బిళ్ల. బ్యాటరీ లేదు, వైరు లేదు. బయటి పెట్టె రేడియో తరంగం పంపితే అది బిళ్ల మీద శబ్ద తరంగమై పాకి, మళ్లీ రేడియోగా తిరిగొస్తుంది. గ్యాసు అంటితే ఆ అల నడక మారుతుంది, సైరన్ మోగుతుంది. కాగితం చుడితే గ్యాసూ తగలదు, తరంగమూ చేరదు. పదకొండు రోజులు బిళ్ల నుంచి నా ఫోన్‌కు జవాబు రాకపోతే పెట్టె చెడిందేమో అనుకున్నాను. ఆ తప్పు నాది. కానీ ఆ గది తాళం ఉండేది నీ దగ్గరే. సేటు మెప్పు కోసం అమ్మ ఊపిరితో ఆడుకున్నావు. ఫిర్యాదు రాసి ఇస్తున్నాను. అందులో మొదటి పేరు నీదే.

తేజస్విని


గోపాల్‌పేట,
ఆదివారం

చెల్లెకు,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. సగంలోనే ఆపింది. "అన్ననెందుకు తిడతవు బిడ్డా, కాయిదం చుట్టింది నేనే అని రాయి" అంది.

సైరన్ మోగిన ప్రతిసారీ సేటు ఆడవాళ్లను గేటు బయటికి పంపి, ఆ పూట కూలి ఎగ్గొట్టాడు. నెలలో ఆరుసార్లు. పైపు మాత్రం బాగుచేయించలేదు. "గ్యాసుకు దగ్గొస్తది, కూలి లేకుంటే పొయ్యి ఎలగదు. ఏది ఓర్సుకోవాలెరా?" అని అమ్మ తాళం అడిగింది. ఇచ్చాను. నా పేరు రాయి, తప్పించుకోను. కానీ ముందు సేటు పేరు రాయి.

నాకూ కోపముంది. బిగించిన రోజు నుంచి ఆ బిళ్ల ఏం చెబుతోందో రోజూ చూసుకున్నావు. అది మోగితే మీకేమవుతుందని మా ఆడవాళ్లలో ఒక్కరినైనా అడిగావా?

నిన్న అమ్మ దవాఖాన నుంచి ఇంటికి రాలేదు, నేరుగా వచ్చి గేటు ముందు కూర్చుంది. పక్కింటి అలివేలమ్మ, ఇంకో పద్నాలుగు మంది కూర్చున్నారు. పైపు మార్చాలి, సైరన్ మోగినా కూలి ఆగొద్దు అంటున్నారు. "పైపు మంచిగనే ఉంది, మిషనే ఊకె మోగుతది" అంటున్నాడు సేటు. శుక్రవారం తనిఖీకి ఆఫీసర్లొస్తున్నారు. వాళ్ల ముందు అది అబద్ధమని నిరూపించడం నీకు తప్ప మాలో ఎవరికీ చేతకాదు.

నా మీద కోపం తగ్గించుకోకు. దాంతోనే రా.

నీ అన్న,
కురుమూర్తి